రెక్కల పోలిక

సందేహం: గబ్బిలానికీ, పక్షికీ, సీతాకోకచిలుకకూ ఉన్నవి రెక్కలే కదా. జీవశాస్త్ర వ్యాసాలలో కొన్నిటికి ‘నిర్మాణసామ్యత’ (ఒకే పూర్వజీవి నుంచి వచ్చిన కట్టడిలో పోలిక), కొన్నిటికి ‘క్రియాసామ్యత’ (చేసే పనిలో పోలిక) అని వేరుచేస్తారు. అన్నిటినీ రెక్క అనడం తప్పా?

సమాధానం: తప్పు కాదు. అయితే ముందుగా ఆ ‘సామ్యత’ను వదిలించుకోవాలి. సమమైన దాని భావమే సామ్యం. భావార్థకానికి మళ్లీ ‘త’ తగిలించే అలవాటు శాస్త్రరచనలకూ పాకడం విచారకరం.

రెక్కకు పాత రూపం శకటరేఫంతో ‘ఱెక్క’. ‘ఎఱక’ అన్నా అదే. తమిళంలోని ‘ఇఱక్కై’, కన్నడంలోని ‘రెక్కె’ దీని తోబుట్టువులు. మనవాళ్లు ఈ మాటను పక్షికే పరిమితం చేయక మనిషి చేతికీ వాడుకొన్నారు. ‘రెక్కాడితే గాని డొక్కాడదు’ అన్నప్పుడు ఆడేది చెయ్యే. రెక్కల కష్టమన్నా, రెక్కలు ముక్కలు చేసుకొన్నారన్నా అంతే. శాస్త్రం చూపేదీ ఈ చుట్టరికాన్నే. మన చేతిలోని భుజాస్థి, దాని కింద రత్ని, అరత్ని అనే జంట ఎముకలు, ఆపైన మణికట్టు, వేళ్ల ఎముకలు అనే వరస పక్షి రెక్కలోనూ, గబ్బిలం రెక్కలోనూ, తిమింగలం ఈదే తెడ్డులోనూ ఉంది. ఆంగ్ల శరీరనిర్మాణ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ 1843లో ఈ రెండు రకాల సామ్యాలనూ విడదీసి నిర్వచించాడు. ఉమ్మడి పూర్వజీవి నుంచి సంక్రమించడమే ఆ వరసకు కారణమని 1859లో డార్విన్ వివరించాడు. సీతాకోకచిలుక రెక్కలో ఎముకే లేదు. దాని దేహపు పైపొరే అలా సాగింది. కనుక అక్కడ ఉన్నది క్రియాసామ్యం మాత్రమే.

పూరెక్క, తలుపురెక్క వంటివి ఆకారాన్ని బట్టి వచ్చినవి, వాటితో ఇక్కడ పని లేదు.

అసలు చిక్కు పక్షికీ గబ్బిలానికీ మధ్య ఉంది. వాటి ఉమ్మడి పూర్వజీవికి నాలుగు కాళ్లే గాని రెక్కలు లేవు. పక్షి ముంగాలిలో వేళ్లు తగ్గి, కొన్ని ఎముకలు కలిసిపోయి, ఈకలు రెక్కను ఏర్పరచాయి. గబ్బిలానికి వేళ్లే బారుగా సాగి వాటి నడుమ చర్మం పరచుకొంది. ముంగాళ్లుగా చూస్తే వీటిది నిర్మాణసామ్యం, ఎగిరే సాధనాలుగా చూస్తే క్రియాసామ్యం. ఏ దృష్టితో పోలుస్తున్నారో చెప్పకుండా ఏదో ఒకటి రాసి ఊరుకొనేవారిది అజాగ్రత్తే.

‘నిర్మాణసామ్యం’ అన్న పారిభాషికపదం మీదా నాకు కొంత అనుమానమే. ఆక్టోపస్ కన్ను, మన కన్ను నిర్మాణంలో ఎంతో పోలి ఉన్నా, విడివిడిగా రూపొందాయి గనుక వాటికి ఆ పేరు వర్తించదు. ‘సమమూలం’ అనడం మేలనిపిస్తుంది. కాని రెండు కళ్లు ఏర్పడడంలోనూ పాక్స్6 అనే జన్యువుకు పాత్ర ఉన్నదని తెలిశాక, మూలమంటే అవయవానిదా జన్యువుదా అన్న ప్రశ్న వస్తుంది. అందుచేత పాఠ్యపుస్తకాలలో స్థిరపడిన మాటనే ప్రస్తుతానికి వాడుకోవచ్చు, ‘త’ లేకుండా.