పింగ్‌కు ఫుల్ ఫామ్ ఉందా? ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?

అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ నేర్చుకుంటూ ఇంటర్వ్యూలకు వెళ్తున్నానని, అందరూ పింగ్ ఫుల్ ఫామ్ అడుగుతున్నారని ఒకరు రాశారు. పింగ్ అంటే అవతలి కంప్యూటర్‌కు చిన్న సందేశం పంపి, జవాబు వస్తోందా, ఎంతసేపట్లో వస్తోందో చూసే ప్రోగ్రామ్. కోచింగ్ నోట్సుల్లో ఉండే 'ప్యాకెట్ ఇంటర్నెట్ గ్రోపర్' తర్వాత అతికించినది. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు బాలిస్టిక్ రీసెర్చ్ ల్యాబ్‌లో మైక్ మూస్ ఈ ప్రోగ్రామ్ రాశాడు. జలాంతర్గాముల్ని కనిపెట్టే సోనార్ చప్పుడు పేరే దీనికి పెట్టాడు. ఇది సోనార్ పోలికే తప్ప పొట్టి పేరు కాదని ఆయనే రాసిపెట్టాడు. ఆ విస్తరణ డేవిడ్ మిల్స్ ఇచ్చాడని విన్నానని కూడా చెప్పాడు. కాబట్టి ముందు సోనార్ సంగతి చెప్పి, తర్వాత విస్తరణ చెప్పండి.

ఆ పేరు ఎంత తగినదో తెలియాలంటే ఈ ముచ్చట వినాలి. ఒకచోట నెట్‌వర్క్ ఉండి ఉండి పోతోంది, ఎక్కడ లోపమో దొరకడం లేదు. అక్కడి వ్యక్తి పింగ్ జవాబు వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్ 'పింగ్' అని పలికేలా ఏర్పాటుచేసి, ఆ శబ్దాన్ని స్టీరియోకు కలిపి వాల్యూమ్ పెంచాడు. సెకనుకొకసారి ఆ అరుపు వినిపిస్తుంటే బిల్డింగంతా తిరుగుతూ ఒక్కో ఈథర్‌నెట్ (నెట్‌వర్క్ కేబుల్) కనెక్టర్‌నూ కదిపి చూశాడు. ఎక్కడ కదిపితే అరుపు ఆగిందో అక్కడే లోపం.

ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఫుల్ ఫామ్ మానేసి, జవాబును ఎలా చదవాలో అడగాలి. పింగ్ ఏ పోర్టు వాడుతుందని అడిగేవాళ్లూ ఉన్నారు. పింగ్ వాడే ప్రోటోకాల్ ఐసీఎంపీ, దానికి పోర్టులే ఉండవు. వెళ్లేది టైప్ 8 ఎకో రిక్వెస్ట్, వచ్చేది టైప్ 0 ఎకో రిప్లై, అంతే. విండోస్ 32 బైట్ల చొప్పున నాలుగు రిక్వెస్టులే పంపి ఆగుతుంది, లినక్స్ ఆపేదాకా పంపుతూనే ఉంటుంది.

చాలామంది తప్పు చదివేది 'డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్' దగ్గర. అది మీ సిస్టమ్ ఐపీ నుంచే వస్తే, అవతలి మెషీన్ లేదా గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి ఇచ్చే రౌటర్) మ్యాక్ అడ్రస్, అంటే దాని నెట్‌వర్క్ కార్డు అడ్రస్, దొరకలేదని అర్థం. విండోస్ దాన్ని కూడా జవాబు కింద లెక్కేసి చివర్లో సున్నా శాతం లాస్ (తప్పిపోయినవి) అని చూపిస్తుంది. ఆ అంకె నమ్మొద్దు, పై లైన్లు చదవండి. 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' వచ్చినంత మాత్రాన సర్వర్ పడిపోయినట్టు కాదు, ఫైర్‌వాల్ ఐసీఎంపీని ఆపి ఉండొచ్చు.

ఇంటర్నెట్ ప్లాన్ పెంచితే పింగ్, అంటే జవాబు వచ్చే సమయం, తగ్గుతుందని అమ్మేవాళ్ల మాటా నమ్మకండి. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి సింగపూర్ దాదాపు 3,300 కిలోమీటర్లు, కాబట్టి వెళ్లిరావడానికే 33 మిల్లీసెకన్లు పడుతుంది. కేబుల్ సూటిగా పోదు కనుక ఇంకా ఎక్కువే పడుతుంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా ఆ దూరం తగ్గదు.

ఇంట్లో వీడియో కాల్ ఆగిపోతుంటే రెండు విండోలు తెరవండి. ఒకదాంట్లో రౌటర్ అడ్రస్‌కు, సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1, ఇంకోదాంట్లో గూగుల్ సర్వర్ 8.8.8.8కు పింగ్ ఆగకుండా నడపండి. విండోస్‌లో కమాండ్ చివర హైఫన్ టీ పెడితే చాలు. రౌటర్ దగ్గరే జవాబులు తప్పిపోతుంటే లోపం వైఫైది. ల్యాన్ కేబుల్ పెట్టి మళ్లీ చూడండి. రౌటర్ నుంచి 1, 2 మిల్లీసెకన్లలో నిలకడగా వస్తూ 8.8.8.8 నుంచే జవాబులు తప్పిపోతుంటే, ఆ స్క్రీన్ ఫోటో తీసి ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లకు పంపండి.