మెకానికల్ చదివే అమ్మాయి, మెడ ధమనుల మోడలింగ్

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. మెడలోని కెరోటిడ్ ధమని పూడికను స్కాన్‌లతో, రక్తప్రవాహ మోడలింగ్‌తో అంచనా వేసే రంగంలోకి వెళ్తానంటోంది. ఏం నేర్చుకోవాలి? ఉద్యోగాలుంటాయా? – ఒక తండ్రి, వరంగల్

జవాబు: మెకానికల్ చదువు దీనికి బాగా పనికొస్తుందండీ. ఫ్లూయిడ్ మెకానిక్స్ వచ్చినవాళ్లకు సాల్వర్ (ప్రవాహ సమీకరణాలను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) తొందరగానే పట్టుబడుతుంది. తడబడేది అంతకుముందే, స్కాన్‌లో రక్తనాళం హద్దు గీసేటప్పుడు. అమ్మాయిని ముందు అక్కడ చెయ్యి తిప్పుకోమనండి.

పూడిక దగ్గర దారి వ్యాసం 1.5 మి.మీ., దాని పైన బాగున్న చోట 5 మి.మీ. అనుకోండి. నాస్కెట్ లెక్కలో (ఇరుకు చోటి వ్యాసాన్ని పైనున్న మామూలు వ్యాసంతో పోల్చే పద్ధతి) అది 70 శాతం పూడిక. సీటీ యాంజియోలో (రక్తనాళాల సీటీ స్కాన్) ఒక్కో వోక్సెల్, అంటే చిత్రంలోని అతిచిన్న ఘనం, సుమారు అర మిల్లీమీటరు. గీసిన హద్దు మొత్తమ్మీద ఒక్క వోక్సెల్ పెరిగి వ్యాసం 2 మి.మీ. అయితే పూడిక 60 శాతానికి పడిపోతుంది. గోడ మీది షియర్ స్ట్రెస్ (రక్తం గోడను రాసుకుంటూ పోయే ఒరిపిడి) వ్యాసం ఘనానికి విలోమంగా మారుతుంది కాబట్టి, అదే ప్రవాహానికి అసలు విలువలో సగం కూడా రాదు. కాల్షియం పేరుకుంటే తప్పు దీనికి వ్యతిరేక దిశలో జరుగుతుంది: సీటీలో అది ఉబ్బి కనబడి, దారి ఉన్నదానికన్నా ఇరుకుగా తోస్తుంది.

సాధనకు త్రీడీ స్లైసర్, సిమ్‌వాస్క్యులర్ అనే సాఫ్ట్‌వేర్లు చాలు, రెండూ ఉచితమే. రక్తం సాంద్రత 1060 కేజీ/ఘ.మీ., స్నిగ్ధత 0.0035 పాస్కల్-సెకను తీసుకోవచ్చు. లోపలికి వచ్చే ప్రవాహాన్ని డాప్లర్ (రక్తవేగం కొలిచే అల్ట్రాసౌండ్) కొలతల నుంచి ఇవ్వాలి. కొత్తవాళ్లు బయటికెళ్లే రెండు కొమ్మల దగ్గరా పీడనం సున్నా పెట్టేస్తారు. అప్పుడు మెదడు వైపు, ముఖం వైపు ఉండే నిరోధం లెక్కలోకి రాక, ప్రవాహం పంపకమే తప్పుతుంది. అక్కడ ఆ నిరోధాన్ని, నాళాల సాగుడును లెక్కలోకి తెచ్చే విండ్‌కెసెల్ మోడల్ పెట్టాలి. కనీసం మూడు గుండె చక్రాలు నడిపి మొదటిది వదిలేయాలి. మెష్‌ను (లెక్క కోసం నాళాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టిన వల) ఇంకా సన్నం చేసినా ఫలితం మారకూడదు. చివరికి గరిష్ఠ వేగాన్ని డాప్లర్‌తో పోల్చాలి. సెకనుకు 230 సెం.మీ. దాటితే సాధారణంగా 70 శాతం, ఆపైన పూడికగా చూస్తారు.

ఉద్యోగాల మాట. కెరోటిడ్ చికిత్సను డాక్టర్లు ఇప్పటికీ ప్రధానంగా లక్షణాలు, పూడిక శాతం చూసే నిర్ణయిస్తారు, ఈ మోడళ్లు ఎక్కువగా పరిశోధనలోనే ఉన్నాయి. కాబట్టి బీటెక్‌తోనే ఉద్యోగం దొరుకుతుందని ఆశపెట్టుకోవద్దు. గేట్‌లో మెకానికల్ పేపర్ రాయొచ్చు, 2020 నుంచి బయోమెడికల్ పేపర్ కూడా ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది. ఏ పేపర్ స్కోరు తీసుకుంటారో ఆ ఏడాది ప్రకటనలో చూసుకోండి. ఎంటెక్ తర్వాత స్కాన్ సాఫ్ట్‌వేర్, స్టెంట్ తయారీ కంపెనీలకు ప్రయత్నించవచ్చు. పైథాన్ ఇప్పుడే మొదలుపెట్టించండి.