ధరెంత అని అడిగి పలకకుండా పోయినవాళ్లు

ప్రశ్న: నారాయణపేటలో మాది చిన్న చీరల దుకాణం. రోజూ వాట్సాప్ స్టేటస్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటోలు పెడుతున్నాను. లైకులు బాగానే వస్తున్నాయి. "ధరెంత?" అని అడిగినవాళ్లు మాత్రం మళ్లీ పలకడం లేదు. గిరాకీ మనసులో ఏముందో తెలుసుకునేదెట్లా?

జవాబు: లైకుల లెక్క పక్కన పెట్టండమ్మా. మీ నంబరు వాళ్ల ఫోన్లో, వాళ్ల నంబరు మీ ఫోన్లో ఉంటేనే వాట్సాప్ స్టేటస్ కనిపిస్తుంది. అంటే చూసేవాళ్లలో చుట్టాలు, తెలిసినవాళ్లే ఎక్కువ. కొనేవాళ్ల మనసు తెలిసేది మీకు వచ్చిన మెసేజుల్లోనే.

ఒక నోటుబుక్కు తీసుకొని నెల రోజులు రాయండి: ఏ చీర, వాళ్లు అడిగిన మాట, మీరు ఎంతసేపటికి జవాబిచ్చారు, మాట ఎక్కడ ఆగిపోయింది, ఏ ఊరివాళ్లు. అడిగిన మాటను ఉన్నదున్నట్టు దించాలి. "రంగు దిగుతదా?" అంటే అదే రాయండి, "నాణ్యతపై సందేహం" అని మార్చకండి. ఒక వరుస ఇట్లా ఉంటుంది: "పసుపు చీర, ఎర్ర అంచు. రంగు దిగుతదా? మూడు గంటలకు చెప్పిన. మళ్లీ పలకలే."

ఇట్లాంటి వరుసలు ఇరవై అయ్యేసరికి దారి కనబడుతుంది. ధర చెప్పగానే ఆగిపోతే ధర సంగతి చూడాలి. జవాబు ఆలస్యమైన చోటల్లా ఆగిపోతే తప్పు ధరది కాదు. చాలా దుకాణాలవాళ్లు ఈ రెండింటినీ కలిపేసి, ఊరికే రేటు తగ్గించి నష్టపోతారు. జాకెట్టు ముక్క గురించి పదేపదే అడుగుతుంటే చీర ఎన్ని మీటర్లో, ముక్క ఎంతో టేపుతో కొలిచి, ధరతో పాటు ఫోటో కిందే రాయండి. రంగు గురించైతే తడిపిన తెల్లగుడ్డతో చీర కొంగు మూల రుద్ది, ఆ వీడియో పెట్టండి. రంగు అంటితే దాచకండి, మొదటిసారి విడిగా ఉతకమని చెప్పండి. "ఫోటోల ఉన్నట్టు లేదు" అనే మాట వస్తే ట్యూబులైటు కింద ఫోటో తీయడం మానండి. పొద్దున నీడపట్టున, పక్కన తెల్లకాగితం పెట్టి, ఫిల్టర్ లేకుండా తీయండి. కాగితం ఫోటోలో పసుపుగానో నీలంగానో పడితే చీర రంగు కూడా మారినట్టే.

కొత్త రకం నేయించే ముందు ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో పోల్ పెట్టండి. "బాగుందా?" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. ఒకే రంగు చీరలు రెండు, ఒకే వెలుతురులో, ధరలు రాసి చూపించి, చిన్న అంచా పెద్ద అంచా అని అడగండి. రంగూ అంచూ రెండూ మారిస్తే వాళ్లకు నచ్చింది ఏదో మీకు తెలియదు. ఎవరు దేనికి ఓటేశారో మీకు కనిపిస్తుంది. 24 గంటల్లో స్టోరీ పోతుంది కాబట్టి ఆలోపే రాసుకొని, వాళ్లలో నలుగురైదుగురిని "ఎక్కడికి కట్టుకుందామని?" అని అడగండి. పెళ్లికా, ఆఫీసుకా అన్న ఒక్కమాట వంద లైకుల కంటే ఎక్కువ చెబుతుంది. నారాయణపేట మగ్గానికి ఎనిమిది చీరల పడుగు (నిలువు దారాలు) ఒకేసారి ఎక్కించే ఆనవాయితీ ఉంది గదా, అంచనా తప్పితే ఎనిమిదీ మీ బీరువాలోనే ఉంటాయి. నేతగానికి మాట ఇచ్చే ముందు ఈ రెండ్రోజులు ఆగడం మంచిది.

మరొక్కటి. ఒకే మెసేజును చాలామందికి విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది దాకా చేర్చొచ్చు, కానీ మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు ఆ మెసేజు చేరదు. బిల్లు వేసేటప్పుడే అడిగి సేవ్ చేయించండి. వద్దన్నవాళ్లను వదిలేయండి.

ప్రశ్న: నల్లగొండలో ఇంట్లోనే సకినాలు చేసి అమ్ముతున్నాం. పోస్టు కింద ఒకరు "మెత్తగున్నయి" అని రాశారు. తీసేయమంటారా?

జవాబు: తీసేయకండి. అక్కడే క్షమించమని రాసి, ప్యాకెట్ మీది తేదీ, ఒక ఫోటో పంపమని మెసేజులో అడగండి. తేదీ రాసే అలవాటు లేకపోతే ఈరోజే మొదలుపెట్టండి. ఆ తేదీవే ఇంకో ఇద్దరికీ మెత్తబడితే లోపం ఆనాటి వాయిలోనో ప్యాకింగులోనో ఉంది. వేడి మీద మూట కడితే ఆవిరి లోపలే నీరై సకినం మెత్తబడుతుంది, పూర్తిగా ఆరాకే కట్టాలి. ఒక్కరికే అట్లా అయితే ప్యాకెట్ సీలు ఊడిందేమో ఫోటోలో చూడండి. "విరిగిపోయినయి" అనేది వేరే ఫిర్యాదు. అది బస్సు పార్సిల్‌లో కుదుపు వల్ల కావచ్చు, గట్టి డబ్బా వాడితే తగ్గుతుంది. రెండింటినీ ఒకే ఖాతాలో రాయకండి.