స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు, నొప్పి మాత్రం తగ్గలేదు

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. ఐదు నెలలుగా స్కూలుకు బయలుదేరే వేళకు బొడ్డు చుట్టూ నొప్పి అంటుంది. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. నాటకమంటారు మా అత్తగారు. ఆరో తరగతి బాబుకు తరచూ తలనొప్పి. ‘మగపిల్లాడివి, ఓర్చుకో’ అంటారు మావారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ పాపది నాటకం కాదు. ఈ మాట ముందు మీ అత్తగారికి చెప్పండి. స్కానింగ్‌లో రాయో, వాపో కనిపిస్తుంది గానీ బెంగ కనిపించదు. పేగులకూ మెదడుకూ మధ్య నరాల ద్వారా నిరంతరం కబుర్లు నడుస్తుంటాయి. దిగులు పెరిగినప్పుడు పేగుల మామూలు కదలిక కూడా నొప్పిగానే తెలుస్తుంది. మళ్లీ వస్తుందేమోనన్న భయం దాన్ని ఇంకా పెంచుతుంది. 1958లో ఇంగ్లండ్‌లో ఆప్లే, నేష్ అనే వైద్యులు వెయ్యి మంది బడిపిల్లలను పరిశీలిస్తే, సుమారు పది మందిలో ఒకరికి ఇలా మళ్లీ మళ్లీ వచ్చే కడుపునొప్పి కనిపించింది.

బరువు తగ్గినా, మలంలో రక్తం పడినా, నొప్పితో రాత్రి నిద్ర లేచినా మళ్లీ పిల్లల డాక్టరుకు చూపించాలి. బాబుకు కంటి పరీక్ష చేయించండి. పొద్దున లేస్తూనే తలనొప్పితో పాటు వాంతులవుతుంటే ఆలస్యం చేయవద్దు.

ఇక ఇంట్లో. ‘ఇవాళ నొప్పి ఉందా?’ అని పొద్దున్నే అడగడం మానండి. అడిగిన ప్రతిసారీ ఆ పిల్ల ధ్యాస కడుపు మీదికే పోతుంది. సాయంత్రం పక్కన కూర్చుని స్కూలు గురించి కదిలించండి. స్లిప్ టెస్టు మార్కులు అందరి ముందూ చదువుతున్నారా? బస్సులో ఎవరైనా ఏడిపిస్తున్నారా? బాత్‌రూమ్ బాగోలేక నీళ్లు తాగడం మానేసిందా? నెలసరి భయమా? చాలామంది ఆడపిల్లలు ఈ చివరి రెండూ అడిగితే తప్ప చెప్పరు. నొప్పి ఉందని రోజుల తరబడి ఇంట్లో ఉంచితే మళ్లీ వెళ్లడం ఇంకా కష్టమవుతుంది. క్లాస్ టీచర్‌తో మాట్లాడి, అవసరమైతే మొదట్లో ఒక్క పూటైనా బడికి పంపండి.

బాబు విషయంలో నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. పాప నొప్పిని నాటకమనైనా పట్టించుకున్నారు, వాడిది అసలు వినడమే లేదు. ఓర్చుకోమంటే మగపిల్లలకు నొప్పి మానదు, వాళ్లు చెప్పడం మానేస్తారు. తర్వాత అది చిరాకుగానో, మౌనంగానో బయటపడుతుంది. మీవారే వాడిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇద్దరికీ సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే కౌన్సెలింగ్, అంటే బెంగ పెంచే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పేది, మేలు చేస్తుంది. దగ్గరలో ఎవరున్నారో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.