బోరు నీరు చెడిన తేదీని మార్చకండి

ప్రశ్న: బొల్లారం దగ్గర ఇల్లు కట్టుకున్నాం. నాలుగున్నరేళ్ల క్రితం దసరా అయిన మర్నాటి నుంచి బోరు నీరు పచ్చగా వస్తోంది, ఘాటైన మందు వాసన. పక్కనే రసాయనాల ఫ్యాక్టరీ ఉంది. రాత్రిపూట ట్యాంకర్లు తిరుగుతాయి. పిల్లలకు ఒళ్లంతా దద్దుర్లు, రాత్రులు నిద్ర లేదు. కాలుష్య నియంత్రణ మండలికి ఎన్నోసార్లు ఫోను చేశాం. కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు పట్టి ప్రైవేటు ల్యాబులో ఇస్తే తాగడానికి పనికిరావన్నారు. కేసుకు గడువు ఆరు నెలలేనని, నీరు రెండు నెలల క్రితమే చెడినట్లు రాద్దామని తెలిసిన ఒకాయన అంటున్నారు. వేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చే మాట ఒక్కటే: ‘నాలుగున్నరేళ్ల క్రితం దసరా’.

మీరు వెళ్లాల్సింది పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు. దాని 2010 నాటి చట్టంలో గడువులు రెండు. కాలుష్య వివాదం తేల్చమని అడగడానికి 14వ సెక్షన్ కింద ఆరు నెలలు. జరిగిన నష్టానికి పరిహారం కోసం, చెడిన నేలను, నీటిని బాగుచేయించడం కోసం 15వ సెక్షన్ కింద ఐదేళ్లు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మరో 60 రోజులు, అంతే. మీకు సలహా ఇచ్చినాయన మొదటిది చదివి ఆగిపోయారు. మీకు కావలసింది రెండోది. ‘కాలుష్యం రోజూ జరుగుతోంది, గడువూ రోజూ కొత్తదే’ అనే వాదనను నమ్ముకోవద్దు. కేసుకు కారణం ‘మొదటిసారి’ తలెత్తిన రోజు నుంచే లెక్క అని చట్టం అంటోంది. దసరా ఏటా ఒకే తేదీన రాదు. ఆ ఏడాది పండుగ ఏ తేదీన వచ్చిందో చూసి ఐదేళ్లు లెక్కపెట్టండి.

తేదీ మార్చి ప్రమాణపత్రం మీద సంతకం చేశారో, ఉన్న కేసూ పోతుంది. ల్యాబు రిపోర్టు మీద, పిల్లల మందుల చీటీల మీద తేదీలు ఉంటాయి. అవతలి న్యాయవాదికి వాటిలో ఒక్కటి దొరికితే చాలు. అబద్ధపు సాక్ష్యం ట్రైబ్యునల్ ముందూ నేరమే. పైగా ఆ అబద్ధం మీకు అవసరమే లేదు.

మీ నిర్లక్ష్యం మాత్రం నాకు కోపం తెప్పించింది. ఇన్నేళ్లలో ఒక్క కాగితం రాయలేదు! ఫోనులో మొరపెట్టుకున్నదానికి మీ చేతిలో ఏ ముద్రా లేదు. ఆ కూల్‌డ్రింక్ సీసా నీళ్ల రిపోర్టు బోరు చెడిందని చెబుతుంది, ఎవరు చెడగొట్టారో చెప్పదు. మామూలు తాగునీటి పరీక్షలో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం), కాఠిన్యం వంటివి చూస్తారు. టోలుయీన్ లాంటి రసాయన ద్రావకాల కోసం విడిగా అడగాలి.

అందుకే నమూనా సరిగ్గా తీయించడం మీద పట్టుపట్టండి. 1974 నాటి నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం మండలి అధికారి ఫ్యాక్టరీ వారికి అక్కడికక్కడే నోటీసిచ్చి, వారి సమక్షంలో వ్యర్థజలం నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి సంతకాలు తీసుకోవాలి. పద్ధతి తప్పితే ఆ ఫలితం సాక్ష్యంగా చెల్లదు. అదే రోజు మీ బోరు నీటినీ తీయమని కోరండి. రెండు చోట్లా ఒకే ద్రావకం బయటపడితే ఫ్యాక్టరీ తప్పించుకోవడం కష్టం. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌ల దగ్గర ఫ్యాక్టరీ విషయంలో 1999లో సుప్రీంకోర్టు హాని లేదని నిరూపించే భారం పరిశ్రమదేనంది. కానీ ఆ భారం అటు మళ్లాలంటే ముందు మీ చేతిలో ఏదో ఒక ఆధారం ఉండాలి.

రేపే సనత్‌నగర్‌లోని మండలి కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఫ్యాక్టరీ నడపడానికి ఇచ్చిన అనుమతి, అంటే సీఎఫ్‌ఓ షరతుల రిజిస్టరును చూపమని అక్కడే అడగండి. నీటి చట్టం 25వ సెక్షన్ ప్రకారం కాలుష్యానికి గురైనవారికి దాన్ని చూసే హక్కుంది. రోజుకు ఎన్ని కిలోలీటర్ల వ్యర్థజలం, ఎక్కడికి పంపాలి అన్నది రాసుకోండి. చుక్క కూడా బయటికి పోకూడదనే షరతు ఉంటే, రాత్రి ట్యాంకర్లలో ఏముందో ఫ్యాక్టరీయే చెప్పుకోవాలి. బండి నంబర్లు, వేళలు మీ గేటు దగ్గర నుంచే రాసుకోండి, ఫ్యాక్టరీ ఆవరణలోకి మాత్రం వెళ్లవద్దు.

పిటిషన్ చెన్నైలోని ట్రైబ్యునల్ దక్షిణ ధర్మాసనంలో వేయాలి. వైద్యం ఖర్చు, ఆస్తి నష్టం విడివిడిగా చూపాలి. అడిగిన పరిహారంలో ఒక శాతం ఫీజు. ఈ పరిహారం కోసం సివిల్ కోర్టుకు వెళ్లే వీలు లేదు.

ఈ రాత్రే పిల్లల మొదటి మందుల చీటీ వెతకండి. దాని మీద తేదీ ఆ దసరాకు ముందుదైతే, మీ గడువు మీరనుకున్నదానికంటే ముందే ముగుస్తుంది.