చూడనివాడు సాక్షి ఎలా అవుతాడు?

ప్రశ్న: మాస్టారూ, కెనడాలో ఆదివాసుల చేపల కేసులో చరిత్ర ప్రొఫెసర్లు సాక్ష్యం చెప్పారని మా క్లాసులో విన్నాం. కళ్లతో చూసినవాడే కదా సాక్షి? రెండొందల ఏళ్ల నాటి సంగతికి వీళ్లేం చెప్తారు?
– డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: అవి పాము చేపలమ్మా. మన లంకల్లో వలకి పడితే కొందరు ముఖం చిట్లిస్తారే, అవే. 1993లో మిక్‌మాక్ తెగకు చెందిన డొనాల్డ్ మార్షల్ 463 పౌండ్లు, అంటే సుమారు 210 కిలోలు, పట్టి 787 డాలర్లకు అమ్మాడు. లైసెన్సు లేదని, పట్టకూడని సీజనని కేసు పెట్టారు. బ్రిటిష్ వాళ్లతో 1760–61లో మా పెద్దలకు ఒప్పందం ఉందన్నాడతను.

తీరా చూస్తే ఆ కాగితంలో చేపల మాటే లేదు. సరుకు ప్రభుత్వ కొట్లలోనే అమ్ముతామని మిక్‌మాక్‌లు మాటిచ్చినట్టు ఉందంతే. అందుకే ఆనాడు రెండు పక్షాలూ కూర్చుని మాట్లాడుకున్న రికార్డులు కోర్టు ముందుకొచ్చాయి. వాటిని చదివి అర్థం చెప్పడమే ఆ ప్రొఫెసర్ల సాక్ష్యం. కొట్టు పెట్టమని అడిగింది ఆదివాసుల పక్షమేనని తేలింది. పట్టే హక్కే లేనివాడికి అమ్ముకునే కొట్టెందుకు? నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. ప్రభుత్వం తరఫున వచ్చిన చరిత్రకారుడు స్టీఫెన్ ప్యాటర్సనే, ఎదుటి లాయరు అడిగితే, చేపలు పట్టి తెచ్చి అమ్ముకోవచ్చని బ్రిటిష్ వాళ్లూ అనుకున్నారని ఒప్పుకున్నాడు. కింది కోర్టు తప్పుపట్టినా, 1999లో అక్కడి సుప్రీంకోర్టు మార్షల్‌ని వదిలేసింది.

లాయర్లకి అవునా కాదా అన్నదే కావాలి. మా చరిత్రకారులకేమో ‘బహుశా’ లేనిదే వాక్యం పూర్తికాదు! బోనెక్కిన చరిత్రకారుడికి టెన్షనంతా అక్కడే.

కాగితమే లేనివాళ్ల సంగతో? ఒకసారి ధవళేశ్వరంలో మా ఇంటికి ఏజెన్సీ నుంచి ఒక కొండరెడ్డి పెద్దాయన వచ్చాడు. పోడు భూమి పట్టా కోసం 1907 నాటి గోదావరి గెజిటీరులో, అంటే జిల్లా వివరాలతో సర్కారు వేసిన పుస్తకంలో, తన ఊరు వెతకమన్నాడు. గంటసేపు తిరగేశాను, దొరకలేదు. ‘ఆ చేలో పనసచెట్టు మా అయ్య నాటాడు బాబూ, అది చాలదా?’ అన్నాడు. అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నిబంధనల్లో గెజిటీర్లతో పాటు ఊరి పెద్దలు చెప్పి రాయించిన మాట కూడా సాక్ష్యమే. కాకపోతే చెప్పేవాళ్లు భూమి అడుగుతున్న మనిషి కాకూడదు. ఆ మాటే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, చెట్టు నాటిన రోజు గంజి తెచ్చిన ముసలమ్మ ఇంకా ఉందంటూ లేచాడు.