మ్యాప్, గ్రాఫ్ ప్రశ్నల్లో మార్కులు పోతుంటే

అండీ, మీ అమ్మాయికి భూగోళం పాఠమంతా వచ్చినా మ్యాప్, గ్రాఫ్ ప్రశ్నల్లో మార్కులు పోతున్నాయన్నారు. మా ఇంట్లోనూ అదే గోల ఉండేది.

ముందు స్కేలు పట్టుకోండి. 1:50,000 టోపోషీట్‌లో (ఎత్తుపల్లాలు, రోడ్లు వివరంగా చూపే మ్యాప్) 2 సెంటీమీటర్లంటే నేల మీద 1 కిలోమీటరు. వంకర రోడ్డయితే దారం పరిచి కొలవాలి. కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, అర్థం కాకపోతే ఓసారి విశాఖలోని కైలాసగిరి కొండ నడిపించి ఎక్కించండి. ఏటవాలు ఎక్కువై ఆయాసం వచ్చిన చోట మ్యాప్‌లో గీతలు దగ్గరగా ఉంటాయి!

గ్రాఫ్‌లో వానకు కడ్డీలు, ఉష్ణోగ్రతకు గీత. విశాఖ సగటు వర్షపాతం గీస్తే అక్టోబరు కడ్డీయే పొడవుగా రావాలి. కారణం అడిగితే బంగాళాఖాతం వాయుగుండాల సంగతి రాయమనండి.

ఫీల్డ్‌వర్క్‌కి మద్దిలపాలెం జంక్షన్‌లో ఉదయం, మధ్యాహ్నం పదేసి నిమిషాలు బస్సులు, ఆటోలు లెక్కపెట్టించండి. నిలబడే చోటు మారకూడదు. బైకుల జోలికి మాత్రం పోవద్దు, లెక్క తప్పుతుంది.